కంపవాత రోగికి ఇల్లే చేయూత
(సోమందేపల్లె గ్రామస్థుల సమావేశములో గావించిన ప్రసంగ పాఠము)



నిన్నటివరకు చేనికి పోయి వచ్చిన పెద్దాయన నేడు తన ఇంటి గడపవద్దనే కాలు కదపలేక నిలిచిపోవును. మొండికేసినాడని ఇంటివారు విసుగుకొందురు. అది మొండితనము కాదు, వ్యాధి లక్షణము. ఆయుర్వేదములోని కంపవాతముతో దీనిని పోల్చుచుందురు. 1817లో జేమ్సు పార్కిన్సన్ అను లండను వైద్యుడు దీనిని వివరించినందున పార్కిన్సన్ వ్యాధి యను పేరు వచ్చినది. మెదడులో డోపమైనును తయారుచేయు కణములు క్రమముగా నశించుటచే చేతులు వణకును, కండరములు బిగియును, నడక మందగించును. ఇది అంటువ్యాధి కాదు. పూర్తిగా నయముచేయు మందు లేకున్నను, ఇంటివారు సహకరించినచో రోగి చాల కాలము తన పనులు తానే చేసికొనగలడు.

గడపకు ముందు అడుగేసి దూరమున సున్నముతో నాలుగైదు అడ్డగీతలు గీయుడు. గీతను దాటుమని చెప్పినను, మగ్గపు చప్పుడువలె లయతో ఒకటి, రెండు అని లెక్కించినను నిలిచిన కాలు కదలుట కలదు. చేయి పట్టి లాగరాదు, తొందరపెట్టరాదు. గడపప్రక్క గోడకు, స్నానపు గదిలో పట్టుకొనుటకు గట్టి కడ్డీ బిగింపుడు. నడవలో చాపలు, గోనెలు పరువకుడు. కుంగిపోవు నులకమంచము నుండి లేచుట కష్టము. మోకాలెత్తు చెక్కమంచము మేలు. రాత్రి చిన్న దీపముండవలెను.

సంకటి ముద్దను చిన్న చిన్న కబళములుగా, నిటారుగా కూర్చుండబెట్టి తినిపింపుడు. కరవుసీమలో నీటి పొదుపు మనకు అలవాటే. కాని రోగి త్రాగు నీటిని తగ్గింపరాదు. ఈ వ్యాధిలో మలబద్ధము సామాన్యము.

లెవోడోపా మందును వైద్యుడు చెప్పిన గంటకే ఈయవలెను. పప్పు, పాలు, మాంసములతో కలిసిన అది కొందరికి సరిగా పట్టదు. కనుక సాధారణముగా భోజనమునకు అరగంట ముందు ఇత్తురు. మందు పనిచేయు వేళలోనే స్నానము, నడక పెట్టుకొనుడు. దానిని హఠాత్తుగా మాన్పుట ప్రమాదకరము. దూలగొండి గింజలలోను లెవోడోపా కలదు. అయినను మోతాదు తెలియని పొడిని వాడరాదు. నరముల వైద్యునికి చూపింపుడు. బెంగుళూరులోని నిమ్హాన్సు ఇట్టి వ్యాధుల చికిత్సకు పేరుగాంచినది.

మా మనవి ఒక్కటే. నేటి రాత్రి మీ ఇంటి పెద్దల మంచము నుండి గడపవరకు మెల్లగా నడిచి చూడుడు. మీ కాలికి ఏది అడ్డము తగులునో, దానిని తెల్లవారగనే తొలగింపుడు.