సాంద్రత అనే మాటతో వచ్చిన చిక్కు
(కుప్పం పెన్షనర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. సభలోని సైన్సు మాస్టర్లు కోపగించుకోరాదని మనవి. వక్రీభవనం పాఠంలో ‘సాంద్రతర యానకం’ అనే మాట వస్తుంది. దాన్నిబట్టి బరువైన ద్రవంలోనే కాంతి ఎక్కువ వంగుతుందని కొందరు ఉపాధ్యాయులు కూడా అనుకుంటారు.

కిరోసిను సంగతి చూడండి. నీటిమీద తేలుతుంది. అయినా దాని వక్రీభవన గుణకం 1.44, నీటిది 1.33. అసలు లెక్క వేగానిది. శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి నీటిలో 2.25 లక్షలు, కిరోసినులో 2.08 లక్షలే పోతుంది. నెమ్మదించిన కొద్దీ ఎక్కువ వంగుతుంది.

ఇది మార్కులతో పోయే విషయం కాదు. మన ప్రాంతంలో గ్రానైటు తవ్విన గుంతల్లో వాననీళ్లు నిలుస్తాయి. 4 అడుగుల నీటిలోతు నేరుగా పైనుంచి చూస్తే 3 అడుగులే అనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. సూత్రం బట్టీపట్టిన పిల్లవాడికి గట్టుమీద ఇది గుర్తుకు రాదు.

మనకు తీరిక ఉంది. గిన్నెలో రూపాయి బిళ్ల వేసి, అది అంచు చాటుకు పోయేదాకా మనవణ్ణి వెనక్కి జరిపి, నీళ్లు పోయండి. బిళ్ల మళ్లీ కనబడుతుంది. అప్పుడు గుంతల మాట చెప్పండి.

సెలవు.