కన్నీరు పుట్టు చోటు, పారు దారి
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారు మీకందరకును తెలిసినదే. అచ్చట కొన్న ఉల్లిపాయను ఇంట కోయునపుడు కంట నీరు రాని ఇల్లాలు అరుదు. కత్తి తగులువరకు ఉల్లిపాయలో వేరువేరుగా నుండు పదార్థములు, కోయగానే కలిసి, గంధకము గల ఒక ఆవిరిగా మారును. ఆ యావిరి కంటికి సోకి మండును. దానిని కడిగివేయుటకు కన్ను నీరు విడుచును. ఆ నీరు ఎక్కడినుండి వచ్చినది, ఎక్కడికి పోవును అను విషయమునే నేడు మనవి చేయదలచితిమి.

కొల్లేటి ప్రాంతము వారికి ఇది సులభముగా బోధపడును. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మున్నగునవి నీరు తెచ్చును. ఆ నీరు సముద్రమునకు చేరుటకు ఉప్పుటేరే దారి. పైనుండి వరద మిక్కుటముగా వచ్చినను పొలములు మునుగును. వరద స్వల్పమే యైనను ఉప్పుటేరు పూడినచో మునుగును. కన్ను కారుటకును ఈ రెండే కారణములు. ఒకటి రాక హెచ్చుట, రెండవది పోక తగ్గుట. ఉల్లిపాయ, పొగ, నలుసు, కండ్లకలక, దుఃఖము మొదటి తెగకు చేరినవి. రెండవ తెగను గూర్చి మనలో పలువురు వినియే యుండరు.

కనుబొమ ఎముక క్రింద, కణత వైపున, బాదంపప్పంత అశ్రుగ్రంథి యొకటి కలదు. ఏడ్చునపుడు ధారగా వచ్చునది ముఖ్యముగా దీని నీరే. ఇదిగాక రెప్పల లోపలి చిన్న గ్రంథులు ఎల్లవేళల కొద్ది తడినిచ్చుచుండును. రెప్పల అంచునగల గ్రంథులు పలుచని నూనెను వదలి, ఆ తడి త్వరగా ఆరిపోకుండ కాపాడును. నిమిషమునకు పదిహేను మారులవరకు వాలు రెప్ప, దమ్ము చేసిన చేలో బల్ల తోలినట్లు, ఆ నీటిని కంటిపై సమముగా పరచును. ఇంతచేసియు కంటిలో ఒక్కసారి నిలుచు నీరు మందుచుక్కలో అయిదవ వంతైనను ఉండదు. కావున ఒక్క చుక్క చాలును. రెండవ చుక్క చెక్కిలి పాలే.

ఈ నీరు వట్టి నీరు కాదు. కొన్ని సూక్ష్మజీవులను కరగించు లైసోజైము అను పదార్థమును 1922లో అలెగ్జాండరు ఫ్లెమింగు లండనులో ప్రకటించెను. అది కన్నీటిలో మెండుగా కలదు. పరీక్షలకు వలసినంత కన్నీరు దొరకక, తన కంటను సహచరుల కంటను నిమ్మరసము పిండెనట! ఈ పద్ధతిని మీరెవ్వరును అనుసరింపవలదు.

ఇక పోవు దారి. అద్దము ముందు నిలిచి, క్రింది రెప్పను ముక్కు చెంత కొంచెము వెలుపలికి తీసినచో, అంచున సూదిమొన వంటి రంధ్రము కానవచ్చును. పై రెప్పకును అట్టిదే యున్నది. అచ్చటినుండి సెంటీమీటరు పొడవైన సన్నని కాలువలు ముక్కు ప్రక్కనున్న చిన్న సంచిని చేరును. సంచి దిగువ గొట్టము ముక్కులోనికి తెరచుకొనును. రెప్ప వాలినప్పుడెల్ల నీరు ఈ దారిలోనికి నెట్టబడును. ఏడ్చినవారికి ముక్కు కారుటకును, కంట వేసిన మందు గొంతులో చేదనిపించుటకును ఇదియే కారణము.

కొందరు పసిబిడ్డలకు ఈ గొట్టపు అడుగున సన్నని పొర పుట్టుకనాటికి విడిపోదు. కన్ను ఊరక కారుచు, పుసి కట్టుచుండును. ఏడాది లోపల చాలమందికి దానంతట అదియే తెరచుకొనును. సంచిపై వ్రేలితో ఎట్లు ఒత్తవలెనో వైద్యుడు తల్లికి చూపును. చనుబాలు, ఆకుపసరు, ఆముదము కంట పోయరాదు.

పెద్దవారిలో, అందును నడివయసు దాటిన స్త్రీలలో, ఆ గొట్టము మూసికొనిపోవుట హెచ్చు. నిలిచిన నీరు సంచిలో మురిగి చీమగును. ముక్కు ప్రక్క నొక్కినచో రంధ్రమునుండి చీము వెనుకకు వచ్చును. నొప్పి అంతగా లేనందున వారు కొంగుతో తుడుచుకొనుచు సంవత్సరములు గడుపుదురు. కాని కోతల కాలమున వరివెన్ను నల్లగ్రుడ్డును గీసినపుడు, ఆ చీము గాయమున చేరి పుండై, చూపే పోవచ్చును. శుక్లముల శస్త్రచికిత్సకును ఇది అడ్డు. చీముగల సంచి ప్రక్కనుండగా కన్ను కోయుట ప్రమాదకరము.

ఈ సంగతిని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి. ఒక లంక గ్రామమున కంటి శిబిరమునకు మేము కరపత్రములు పంచితిమి. శుక్లములు తీయించుకొన వచ్చిన ఒక వృద్ధురాలి కంటి రంధ్రమున వైద్యుడు ఉప్పునీరు ఎక్కించగా, అది గొంతునకు దిగక చీముతో బయటికి వచ్చినది. ఆమెను ఆనాటికి నిలిపివేసిరి. "పొయ్యి పొగకి కారుతుందనుకున్నాను బాబూ, ఏళ్ల తరబడి ఇంతే" అని ఆమె చెప్పినది. మా కరపత్రమున చూపు మందగించినవారు రావలెనని యుండెనే గాని, కన్ను కారువారిని గూర్చి ఒక్క మాటైనను లేదు. ఆ లోపము మాదే.

ఆమెకు సంచినుండి ముక్కులోనికి క్రొత్త దారి చేసిరి. ఎముకలో చిన్న కిటికీ తెరచు ఈ చికిత్సను 1904లో ఇటలీ వైద్యుడు టోటి వర్ణించెను. ఏలూరు చెంత సోమవరప్పాడున జన్మించి, తన చిత్రములతో ఎందరినో కంటతడి పెట్టించిన దర్శకుడు ఎల్.వి. ప్రసాదు పేర 1987లో హైదరాబాదున వెలసిన నేత్రవైద్య సంస్థలో అశ్రుమార్గ వ్యాధులకే ప్రత్యేక విభాగము కలదు. అందరును అంతదూరము పోనక్కరలేదు. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపించి, వారు వ్రాసిన చోటికి పోవచ్చును.

ఆ వృద్ధురాలికి కొన్ని నెలల తరువాత శుక్లము తీసిరి. వచ్చు శిబిరమునకు పేర్లు వ్రాయు పుస్తకములో "ఒక కన్ను ఎప్పుడును కారుచుండునా? ముక్కు ప్రక్క నొక్కిన చీము వచ్చునా?" అను రెండు గడులను చేర్పించితిమి. ఆ పుస్తకములు వెనుక బల్లపై నున్నవి. వార్డునకు ఒకటి చొప్పున తీసికొని పొండు.