అణ్వాయుధములు – క్రైస్తవ ధర్మము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను; శాస్త్ర పండితుడను కాను. అయినను మన సంఘమున హిందువులును, క్రైస్తవులును ఒక కుటుంబమువలె మెలగుచున్నారు. గావున హిరోషిమా, నాగసాకి నగరములను లోకము స్మరించు ఈ ఆగస్టు మాసమున, యుద్ధమును గూర్చి క్రైస్తవ ధర్మ మేమి చెప్పుచున్నదో విచారించుట మనకందఱకును మేలని తలంచితిని.

ఈ విషయమున క్రైస్తవులలో రెండు మార్గములు కలవు. శత్రువును ప్రేమింపుమన్న క్రీస్తు బోధను అక్షరశః గైకొని, ఆయుధమునే ముట్టరాదనువారు కొందఱు. క్వేకరులు, మెనొనైటులు ఇట్టివారు. మహబూబ్‌నగరు ప్రాంతపు తెలుగువారిలో మెనొనైటు బ్రదరెన్ సంఘములు చిరకాలముగా నున్నవి; ఆ పేరు మనకు క్రొత్తది కాదు. రెండవ మార్గము సెయింటు అగస్టీను, 13వ శతాబ్దమున సెయింటు థామస్ అక్వినాసు చూపినది. యుద్ధము చేయవలసి వచ్చినచో అధికారముగల ప్రభుత్వము, న్యాయమైన కారణము, సదుద్దేశము ఈ మూడును ఉండవలెనని అక్వినాసు నిర్ణయించెను. నిరపరాధులను బుద్ధిపూర్వకముగా చంపుట ఎన్నడును ధర్మము కాదని 16వ శతాబ్దమున స్పెయిను దేశపు విటోరియా స్పష్టపఱచెను. నిద్రించువారిని వధించిన అశ్వత్థామను భారతమేల గర్హించెనో ఎఱిగిన మనకు ఈ నియమము పరాయిది కాదు.

ఈ కొలతతో నాగసాకిని కొలిచి చూడుడు. 1945 ఆగస్టు 9వ తేదీ ఉదయము 11 గంటల 2 నిమిషములకు ఆ నగరముపై బాంబు ప్రేలెను. అది ఉరకామి లోయపై ప్రేలినది. రెండువందల యేండ్లకు పైగా రాజశాసనములకు వెఱచి, రహస్యముగా తమ విశ్వాసమును కాపాడుకొన్న క్రైస్తవుల సంతతివారు అచ్చట నివసించుచుండిరి. వారి దేవాలయము నేలమట్టమయ్యెను. ఉరకామి కథోలికులు సుమారు 12 వేలమందిలో 8 వేలకు పైగా మరణించిరి. ఆ సంవత్సరాంతమునకు నగరమున మృతుల సంఖ్య 70 వేలు దాటెను. బాంబు వేసిన విమానమును నడపినవాడును కథోలికుడే. బాంబు మతమును చూడదు. సైనికుని, శిశువును వేఱుపఱుపదు. తల్లి గర్భమున నున్న బిడ్డలకు సైతము దాని కిరణములు సోకినవి. వేఱుపఱుపలేని ఆయుధముతో ధర్మయుద్ధమెట్లు సాధ్యమగును?

శత్రువు దుర్మార్గుడైనచో ఏమి చేసినను తప్పులేదని కొందఱందురు. 1944 ఫిబ్రవరిలో, హిట్లరుతో ఘోరయుద్ధము సాగుచుండగనే, ఛిచెస్టరు బిషప్పు జార్జి బెల్ ఇంగ్లండు ప్రభువుల సభలో నిలిచి, జర్మను నగరములపై తన ప్రభుత్వము జరుపుచున్న విచక్షణారహితమగు బాంబుల వర్షమును ప్రతిఘటించెను. శత్రువు పాపము మన పాపమును కడుగదని ఆయన వైఖరి సారాంశము. 1965లో రెండవ వాటికను మహాసభ, నగరములను జనముతో సహా నాశనము చేయుట దేవునికిని మానవునికిని చేసిన ద్రోహమని ఖండించెను.

అట్లయిన ప్రయోగింపక, శత్రువును భయపెట్టుటకు దాచియుంచుట తగునా? ఇది కఠినమైన ప్రశ్న. అమెరికా కథోలిక బిషప్పులు 1983లో, నిరాయుధీకరణమునకు దారితీయునంతవఱకు మాత్రమే దీనిని సహింపవచ్చునని షరతుతో ఒప్పుకొనిరి. వర్తకుని భాషలో చెప్పవలెనన్న, అది గడువుగల ప్రామిసరీ నోటు. గడువును పొడిగించుచునే యున్నారు, అసలు తీరలేదు. 2025 నాటి అంచనాల ప్రకారము తొమ్మిది దేశముల యొద్ద 12 వేలకు పైగా అణ్వాయుధములున్నవి. అందుచేతనే 2019 నవంబరులో పోపు ఫ్రాన్సిసు హిరోషిమాలో నిలిచి, వాటిని ప్రయోగించుటయే కాక కలిగియుండుటయు అధర్మమని ప్రకటించెను. చేయుదునని బెదిరించువాడు చేయుటకు సిద్ధపడినవాడే గదా!

మన దేశమును 1974లోను, 1998లోను అణుపరీక్షలు జరిపి, అణ్వాయుధములు గల దేశమైనది. చుట్టును ప్రమాదకరమైన పొరుగువారుండగా ఆయుధమును విడుచుట యెట్లని అడుగువారి భయము నిజమైనదే, దానిని పరిహసింపరాదు. ముందుగా ప్రయోగింపమని మన ప్రభుత్వము పలికిన మాట గొప్పది. ఆ మాట చెదరకుండ చూచుట, అన్ని దేశములును కలిసి తగ్గించుకొను మార్గమును కోరుట పౌరులుగా మన విధి.

మనవంటి చిన్న సంఘము చేయగలదేమి? సాయంకాలము అంగళ్ల ముంగిట వార్తాపత్రిక చదువుచు, "ఆ ఊరిపై ఒక బాంబు వేసిన పీడ విరగడగును" అని తేలికగా పలుకు మాటను మాన్పగలము. ఆ ఊరిలో మనవంటి వర్తకులు, తల్లులు, బడిపిల్లలు ఉందురు. తరతరములుగా అన్యభాషలవారి నడుమ బ్రదుకుచు, వారి వివాహములకు పోయి, వారి శవములను మోసిన మనకు, పరాయివాడు పొరుగువాడే యని వేఱొకరు బోధింప నక్కఱలేదు. క్రీస్తు కోరినదియు ఆ పొరుగువాని ప్రేమనే. ఈ మాట మన పిల్లల చెవిని వేయుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.