2020 వేసవి: నాగపూర్ రహదారి పక్కన మా రంజాన్



2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ వెంటనే నిజాముద్దీన్ మర్కజ్ పేరు చెప్పి రోగానికి మతాన్ని అంటగట్టారు. మా బస్తీలో బండిపై కూరగాయలమ్మే చాచాను, ఏళ్ల తరబడి ఆయన వద్ద కొన్న వీధివారే పేరడిగి మరీ వెనక్కి పంపారు. ఇక ఎవరి ముఖమూ చూడకూడదనుకున్నాం. దాచడమెందుకు, మాలో నిండినది కోపమే.

ఏప్రిల్ చివర రంజాన్ వచ్చింది. మస్జిదులో తరావీహ్ లేదు. మేడ్చల్ మీదుగా సాగే నాగపూర్ రహదారిపై బీహార్, ఝార్ఖండ్ కూలీలు పిల్లలను భుజాన వేసుకొని నడుస్తున్నారు. సదఖా సొమ్ముతో పులిహోర, మజ్జిగ సిద్ధం చేశాం. ఎవరికీ సంకోచం కలగరాదని మాంసం జోలికి పోలేదు. ఖాళీగా ఉన్న చాచా బండే మా అన్నపు బండి అయింది.

ఒక వృద్ధుడు మా టోపీలు చూసి పొట్లం తీసుకోక సాగిపోయాడు. కొంతసేపటికి మనుమడి చేయి పట్టుకొని తిరిగి వచ్చాడు. మాలో ఒకరి నాలుక చివరి వరకు ఒక మాట వచ్చింది. ఈలోగా రోజాతో ఉన్న చాచా రెండు పొట్లాలు అతని చేతిలో పెట్టి, బాబుకు మజ్జిగ పోశాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేసింది. వారిని బలిపశువులుగా ఎంచుకొని ఉండవచ్చునన్నది.

చాచా మళ్లీ ఆ వీధికే వెళుతున్నాడు, కొసరు కరివేపాకు కూడా ఇస్తున్నాడు. ఆ వీధి నుండి ఒక్క క్షమాపణ మాట కోసం మేమింకా ఎదురుచూస్తున్నాం.