పాత ఇంటికి మరమ్మతు



"పాత ఇల్లు కదండీ, పడగొట్టి కట్టుకోవటమే మేలు" అనే మాట మన బెజవాడలో ఏ వీధికెళ్లినా వినబడుతుంది. కొన్ని ఇళ్లకి అది తప్పదు, నిజమే. కాని గోడలు గట్టిగా, దూలాలు చెక్కుచెదరకుండా వున్న ఇళ్లని కూడా తొందరపడి పడగొట్టేస్తున్నాం. లేదంటే, బాగుచేస్తున్నామనుకుంటూ పాడుచేసుకుంటున్నాం.

పాత ఇంటిని ఎలా బాగుచేయాలో పెద్ద ఎత్తున చేసి చూపించిన చోటు ఒకటి వుంది. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనం అది. 1803 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఇల్లు. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్. 1949 నుంచీ అందులో ఆడపిల్లల కాలేజీ నడిచింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం. ఏళ్లు గడిచి శిథిలమైపోతుంటే, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారు ప్రమాదంలో వున్న కట్టడాల జాబితాలో చేర్చారు. ఏళ్ల తరబడి పనిచేసి, 2023లో మళ్లీ తెరిచారు. సున్నంతో కట్టిన కట్టడం గనుక సున్నంతోనే మరమ్మతు చేశారు.

మనం నేర్చుకోవలసింది ఇదేనండీ. మన పాత ఇళ్లు కూడా ఇటుక, గానుగ సున్నంతో కట్టినవే. చుట్టూ కాలవలు, కింద నల్లరేగడి. నేలలోని చెమ్మ గోడలోకి పాకుతుంది. సున్నపు గోడ ఆ చెమ్మని పీల్చుకుని మెల్లగా గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూశారనుకోండి, చెమ్మకి దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుంటుంది, పెచ్చులూడతాయి, ఇటుక పొడిపొడి అవుతుంది. సిమెంటు పూస్తే గట్టిపడుతుందని మేస్త్రీ చెప్పినా, సున్నపు గోడకి సున్నమే కావాలని గట్టిగా చెప్పండి.

గోడ బీటవారిందా? దానికడ్డంగా పలచగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, పక్కన తేదీ రాసి పెట్టండి. అది మళ్లీ చిట్లిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట. అప్పుడు పూతలతో సరిపెట్టుకోక, ఇంజనీరుని పిలిపించాలి.

ఇక కొత్త వసతుల సంగతి. ఇల్లు పాతదైనంత మాత్రాన పొగలో వండుకోనక్కర్లేదు, పెరట్లోకి పరుగెత్తనక్కర్లేదు. స్నానాలగది కావాలంటే వెనకవైపు విడిగా గోడలు లేపి కట్టించుకోండి. నీళ్ల గొట్టాలు పాత గోడలోంచి పోనివ్వకండి. కరెంటు తీగలకి గోడలు తొలిపించకుండా పైపైన గొట్టాలలో వేయించండి. రేపు మార్చవలసివస్తే గోడకి దెబ్బ తగలకుండా ఊడివస్తాయి.

చివరగా ఒక్కమాట. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా బేగం. పరదా వల్ల ఆమె తన ఇంటి ముందు భాగం చూడలేకపోయిందనీ, అందుకని ఆ భవనానికి చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించారనీ చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ వుంది. ఆమె చూడలేకపోయిన ఆ మెట్లమీదే తర్వాత వేలమంది ఆడపిల్లలు చదువుకోవటానికి ఎక్కారు.

మనకి పరదా లేదు. అయినా మేస్త్రీతో బేరం కుదిరేటప్పుడు మనం వంటింట్లోనే వుండిపోతున్నాం, కదూ! ఏ వాన ఏ మూల కురుస్తుందో, ఏ గోడ ఏ నెలలో చెమ్మగిల్లుతుందో రోజంతా ఇంట్లో వుండే మనకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? అవన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, బేరం మొదలుకాకముందే వచ్చి కూర్చోండి. ఇల్లు నిలబెట్టాలా, పడగొట్టాలా అన్న మాట మీ ఎదుటనే తేలనివ్వండి.

సెలవు.