గ్లూలామ్ దూలాల రూపకల్పనలో సాఫ్ట్‌వేర్

పలుచని కలప పలకలను నార ఒకే దిక్కుగా ఉండేలా పేర్చి, జిగురు పూసి, ప్రెస్సులో బిగిస్తే తయారయ్యే దూలమే గ్లూలామ్. జర్మనీలోని వైమార్‌లో ఒట్టో హెట్జర్ 1906లో వంపు దూలానికి పేటెంటు పొందడంతో దీని ఆధునిక చరిత్ర మొదలైంది. ఏ చెట్టూ ఒంటిగా ఇవ్వలేని పొడవునూ లోతునూ ఇది ఇస్తుంది. ముడులు, పగుళ్లు ఒకేచోట పోగుపడకుండా పొరపొరకూ చెదిరిపోతాయి కాబట్టి బలంలో హెచ్చుతగ్గులు కూడా తక్కువ. నార్వేలోని బ్రుముండాల్‌లో 2019లో పూర్తయిన 85.4 మీటర్ల మ్యోస్టోర్నెట్ భవనానికి ప్రధానమైన స్తంభాలూ దూలాలూ ఇవే.

ఉక్కు దూలం లెక్కకూ గ్లూలామ్ దూలం లెక్కకూ పెద్ద తేడా ఒకటుంది. కలప బలం దాని మీద బరువు ఎంతకాలం ఉంటుందో, చుట్టూ గాలిలో తేమ ఎంతో దాన్ని బట్టి మారుతుంది. ఐరోపాలో అమల్లో ఉన్న యూరోకోడ్ 5 ప్రకారం ప్రామాణిక బలాన్ని కె-మోడ్ అనే గుణకంతో గుణించి, 1.25తో భాగించాలి. పొడి గదిలో శాశ్వత భారానికి ఈ గుణకం 0.60, మధ్యకాలిక భారానికి 0.80. ఆరుబయట తడిసే చోట అవే 0.50కీ 0.65కీ పడిపోతాయి. ప్రతి భార కలయికకూ ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. సాఫ్ట్‌వేర్ అవసరం పుట్టింది ఇక్కడే.

ఒక ఉదాహరణ. స్పాన్ 10 మీటర్లు, జీఎల్ 24 హెచ్ తరగతి కలప, 40 మి.మీ. పొరలు 18 పేర్చిన 160 మి.మీ. వెడల్పు, 720 మి.మీ. లోతు గల దూలం. దాని మీద మీటరుకు 4 కిలోన్యూటన్ల శాశ్వత భారం, 5 కిలోన్యూటన్ల ఆఫీసు ఫ్లోరు భారం. భద్రతా గుణకాలు కలిపితే మీటరుకు 12.9 కిలోన్యూటన్లు. దూలం మధ్యలో వంపు ఒత్తిడి చదరపు మి.మీ.కు 11.7 న్యూటన్లు, తట్టుకోగలిగింది 15.4. అంటే సామర్థ్యంలో 76 శాతం వాడకంలో ఉంది. షియర్ ఒత్తిడి లెక్కలో, పగుళ్లను దృష్టిలో పెట్టుకుని వెడల్పును 0.67తో తగ్గించినా 56 శాతమే. షియర్ వల్ల వచ్చే చిన్న వాటాను పక్కన పెడితే తక్షణ కుంగుబాటు సుమారు 20 మి.మీ., ఏళ్లు గడిచాక క్రీప్ కలిసి 28 మి.మీ. సాఫ్ట్‌వేర్ తెరమీద అన్నీ పచ్చరంగులోనే కనిపిస్తాయి.

ఇప్పుడు తేమను సూచించే సర్వీస్ క్లాస్ అనే ఒక్క గడిలో 1 (పొడి గది) తీసి 3 (ఆరుబయట తడిసే చోటు) పెడితే చాలు. వంపు బలం వాడకం 93 శాతానికి ఎక్కుతుంది, కానీ ఇంకా హద్దులోనే ఉంటుంది. కుంగుబాటు మాత్రం 45 మి.మీ. దాటి, స్పాన్‌లో 250వ వంతు అనుకున్న 40 మి.మీ. హద్దును మించిపోతుంది. మరో గడి చూడాలి. దూలం పైఅంచును ఫ్లోరు గట్టిగా పట్టి ఉంచుతుందని టిక్కు పెడితే 76 శాతం. ఆ పట్టు లేకపోతే దూలం పక్కకు ఒరిగి మెలితిరిగే ప్రమాదం లెక్కలోకి వచ్చి అదే 91 శాతం అవుతుంది. దూలం మారలేదు, భారం మారలేదు. మారింది రూపకర్త ఇచ్చిన సమాచారమే. తేమ, పట్టు, భార కాలం గురించిన నిర్ణయాన్ని ఏ ప్రోగ్రామూ రూపకర్త తరఫున తీసుకోలేదు.

వంపు దూలాల లెక్క ఇంతకంటే కష్టం. శిఖరం దగ్గర కలప నారకు అడ్డంగా లాగబడుతుంది. ఆ దిశలో ప్రామాణిక బలం చదరపు మి.మీ.కు 0.5 న్యూటన్లే. పైగా శిఖర భాగం ఘనపరిమాణం పెరిగేకొద్దీ బలహీన స్థానం దొరికే అవకాశం కూడా పెరుగుతుంది. ప్రామాణికమైన 0.01 ఘనపు మీటరుకు బదులు 1 ఘనపు మీటరు ఉంటే బలాన్ని సుమారు 40 శాతానికి తగ్గించి చూడాలి. చేత్తో చేసే లెక్కలో తరచు మరిచిపోయేది ఇదే. మంచి సాఫ్ట్‌వేర్ నిజంగా మేలు చేసేదీ ఇక్కడే.

అమెరికా దూలాల్లో ఇంకో మెలిక ఉంది. 24ఎఫ్-వి4 రకంలో గట్టి పొరలు అడుగున ఉంటాయి. కిందివైపు లాగుడుకు చదరపు అంగుళానికి 2400 పౌండ్లు తట్టుకునే దూలం, పైవైపు లాగుడుకు 1850 మాత్రమే తట్టుకుంటుంది. అందుకే పైముఖం మీద ముద్ర వేస్తారు. మధ్య ఆధారం మీదుగా సాగే దూలానికి ఈ రెండో సంఖ్యను విడిగా పరీక్షించని ప్రోగ్రామును వాడకూడదు.

ద్లూబాల్ సంస్థ ఆర్‌ఎక్స్-టింబర్, స్టోరా ఎన్సో వారి కాల్క్యులాటిస్, కెనడియన్ వుడ్ కౌన్సిల్ వారి సైజర్ ఈ రంగంలో పేరున్నవి. దూలాన్ని ఇలాంటివి బాగా లెక్కిస్తాయి. కానీ పెద్ద ప్రమాదాలు ఎక్కువగా దూలం మధ్యలో జరగలేదు. 2003 జనవరిలో డెన్మార్క్‌లోని బాలెరప్‌లో కొత్త సైకిల్ పందేల హాలు గ్లూలామ్ ట్రస్సులు రెండు, మంచు బరువేమీ లేకుండానే కూలాయి. ఆధారం దగ్గరి భాగం బలాన్ని రూపకల్పనలో తప్పుగా లెక్కించారు. 2022 ఆగస్టులో నార్వేలోని ట్రెట్టెన్ వంతెన, ప్రారంభమైన పదేళ్లకే, ఒక జాయింటులో కలప దిమ్మగా ఊడిరావడంతో పడిపోయింది. 2006 జనవరి 2న జర్మనీలోని బాద్ రైఖెన్‌హాల్‌లో ఐస్ హాలు కప్పు కూలి 15 మంది చనిపోయారు. అనేక కారణాల్లో తేమకు బలం కోల్పోయే జిగురు ఒకటి. జిగురు సంగతి దూలం ప్రోగ్రాములో ఏ గడిలోనూ ఉండదు.

కాబట్టి ప్రోగ్రామును ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది తెర అందం కాదు. వాడిన ప్రతి గుణకాన్నీ, కోడ్‌లో దాని సూత్రం సంఖ్యతో సహా నివేదికలో అచ్చువేస్తుందా? పరీక్షించని అంశాల పట్టికను స్పష్టంగా ఇస్తుందా? ఈ రెండూ చేయని సాఫ్ట్‌వేర్ ఎంత వేగంగా జవాబిచ్చినా రూపకల్పనకు పనికిరాదు. అధ్యాపకులు కలప నిర్మాణాల పాఠంలో విద్యార్థుల చేత కనీసం ఒక గ్లూలామ్ దూలాన్నయినా, ఆధారం దగ్గరి ఒత్తిడితో సహా, ముందు కాగితం మీద లెక్క వేయించి, ఆ తరువాతే కంప్యూటరు తెరిపించాలి.