సార్వజనికంలో జనం ఎవరు?



మాది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. గణేశ్ మండలి చందా రసీదు మీద 'సార్వజనిక' అని అచ్చు వేసేవాళ్లు. మా వాడకూ ఆ పుస్తకం వచ్చేది, నాయిన ఏ ఏడూ కాదనలేదు. నిమజ్జనం నాడు ఊరేగింపు ముందు డప్పు కొట్టేది కూడా ఆయనే. ట్రాక్టరు మాత్రం వాడ మలుపు దగ్గరికి రాగానే పక్కకు తిరిగేది. తొమ్మిదేళ్లప్పుడు నేను రసీదు చూపించి పందిట్లో ప్రసాదం అడిగాను. చేతికివ్వలేదు, ఆకు బల్ల మీద పెట్టి ముందుకు తోశారు. పులిహోర మహా రుచిగా ఉంది. నాకు సిగ్గనిపించేది అదే.

ఇంటి పూజగా ఉన్న చవితి 1890లలో పుణె వీధుల్లోకి వచ్చింది. 1893లో బొంబాయిలో హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. అప్పటిదాకా మొహర్రం ఊరేగింపుల్లో హిందువులూ ఆడిపాడేవాళ్లు. మన పీర్ల పండుగ చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. వాళ్లను అక్కణ్ణుంచి మళ్లించి గణపతి వెనక నిలబెట్టడం తిలక్ వర్గం పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. స్వాతంత్ర్యోద్యమ పాఠంలో మనకు ఈ సగం చెప్పరు.

అలా పోగైన జనంలో మనం ఉన్నామా? 1926లో దాదర్‌లో ఈ ప్రశ్న లేచింది. చందా అందరిదీ అయినప్పుడు పూజించే హక్కు కూడా అందరిదే కదా అని దళితులు అడిగారు. ప్రబోధన్కార్ ఠాక్రే, బోలే, బాబాసాహెబ్ వాళ్ల పక్షాన నిలిచారు. చివరికి రాజీ ఏమిటంటే, దళితుడు పూలు అందిస్తాడు, బ్రాహ్మణ పూజారి వాటిని విగ్రహానికి సమర్పిస్తాడు. నా పులిహోర ఆకు లాంటిదే ఇదీ.

సరిగ్గా 30 ఏళ్లకు, 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మూడోది గౌరీ గణపతుల్ని పూజించనని. 'అన్నా, ఇప్పుడు మా వాడలోనే మండపం పెట్టాం, తప్పా?' అని నిన్న హాస్టల్లో ఒక తమ్ముడు అడిగాడు. తప్పని నేను అనలేదు. హక్కు అడగడం, ఆ తర్వాత వద్దని బయటికి రావడం, రెండూ ఆయన నడిచిన దారిలోనివే. ఖర్చు లెక్క మాత్రం చూడమన్నాను. నిమజ్జనం మర్నాడు హుస్సేన్ సాగర్ ఒడ్డున చెత్త ఎత్తేవాళ్లు ఏ వాడల నుంచి వస్తారో కూడా చూడమన్నాను.

నాయిన చనిపోయేదాకా చందా ఇచ్చాడు. రసీదులు దూలం సందులో దోపేవాడు. ఇల్లు విప్పినప్పుడు పదిహేడు దొరికాయి.